తెలియని మాట దగ్గరే ఆగిపోతున్న పిల్లలు: ఇంగ్లీషుకి అసలు అడ్డం ఎక్కడుంది?

మా ఖాలా కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ల అబ్బాది పోర్టులో పని. ఇల్లు వన్‌టౌన్‌లో. మేడ ఎక్కితే దర్గా కొండా, హార్బర్ క్రేన్లూ కనిపిస్తాయి. మొన్నొక సాయంత్రం నేను వెళ్లేసరికి వాడు ఇంగ్లీషు పాసేజ్ ముందు పెట్టుకుని తల పట్టుక్కూర్చున్నాడు. అరగంట నుంచి ఒకే వాక్యం మీద ఉన్నాడట.

"ద వెసెల్ వెయిటెడ్ టూ డేస్ ఫర్ ఎ బెర్త్."

"భయ్యా, వెసెల్ అంటే గిన్నె కదా! బెర్త్ అంటే రైల్లోది. గిన్నె రెండ్రోజులు బెర్త్ కోసం ఎదురుచూడ్డం ఏటి?" అన్నాడు.

పక్క గదిలోంచి వాళ్ల అబ్బా నవ్వారు. "మేం రోజూ అనే మాటలే కదరా. వెసెల్ అంటే ఓడ. బెర్త్ అంటే ఓడని కట్టే చోటు. చోటు ఖాళీ లేకపోతే ఓడ సముద్రంలోనే లంగరేసుకుని ఆగుద్ది."

వాడికి తెలియనిది రెండు మాటలు, అంతే. తర్వాతి వాక్యంలోనే సరుకు, పోర్టు అన్న మాటలున్నాయి. అక్కడిదాకా చదివుంటే సంగతి దానంతటదే తేలిపోయేది. కానీ వాడు అక్కడిదాకా వెళ్లలేదు. అర్థం కాని మాట గోడలా అడ్డం నిలబడింది, పుస్తకం మూసేయబోయాడు.

మన ఇళ్లల్లో చాలామంది పిల్లలది ఇదే కథ. "వొకాబులరీ లేదు", "గ్రామర్ రాదు" అని మనం ఫీజు కట్టి ద్వారకానగర్‌లోనో గాజువాకలోనో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులకి పంపుతాం. మాటలు రాకపోవడం ఒక ఇబ్బందే. దానికంటే పెద్ద ఇబ్బంది, తెలియని మాట ఎదురైతే కాసేపు దాన్ని అలాగే ఉంచి ముందుకెళ్లే ఓపిక లేకపోవడం. దీనికి చదువు శాస్త్రంలో ఒక పేరుంది, యాంబిగ్విటీ టాలరెన్స్. మన మాటల్లో అయితే, సంగతి పూర్తిగా తెలియకపోయినా కంగారు పడకుండా ఉండగలగడం.

కుక్క బొమ్మ పిల్లిగా మారితే

ఈ ఆలోచన మొదట భాషల చదువులో పుట్టలేదు. ఎల్సె ఫ్రెంకెల్ బ్రున్స్విక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆస్ట్రియాలో ఉండేవారు. ఆమె యూదురాలు. 1938లో నాజీలు ఆ దేశాన్ని ఆక్రమించాక అమెరికా వెళ్లిపోయారు. మనుషుల్లో పక్షపాతం, ద్వేషం ఎక్కడ మొదలవుతాయన్నది ఆమె పరిశోధన. 1949లో రాసిన వ్యాసంలో ఆమె ఒక బొమ్మల వరసని ప్రస్తావించారు. మొదటి బొమ్మ కుక్క. తర్వాత ఒక్కో బొమ్మలో కొంచెం కొంచెం మారుతూ చివరికి పిల్లి అవుతుంది. కొందరు మధ్యలోనే "ఏదో మారుతోంది" అని ఒప్పుకుంటారు. ఇంకొందరు బొమ్మ ఎంత మారినా మొదట చెప్పిన "కుక్క"నే పట్టుకు కూర్చుంటారు. ఇదీ కాదు, అదీ కాదు అనే స్థితిని వాళ్లు భరించలేరు.

గిన్నె అనుకున్న వెసెల్‌ని గిన్నెగానే పట్టుకుని ఆగిపోయిన మావాడు చేసిందీ అదే.

తర్వాత ఈ సంగతిని భాషలు నేర్చుకునేవాళ్ల మీద పరీక్షించారు. కెనడాలో ఫ్రెంచ్ నేర్చుకుంటున్న స్కూలు పిల్లల్ని పరిశీలించి 1978లో ఒక పరిశోధన బృందం ఫలితాలు ప్రచురించింది. విని అర్థం చేసుకునే పరీక్షలో ఎవరు బాగా చేస్తారో ముందే చెప్పగలిగిన గుణాల్లో ఈ ఓర్పు ఒకటని తేలింది. 1986లో అమెరికాలో క్యారల్ షాపెల్, షెరిల్ రాబర్ట్స్ విదేశీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తెలియనితనాన్ని ఓర్చుకోగలిగినవాళ్లు సెమిస్టర్ మొదట్లో ఇంగ్లీషులో అందరికంటే ముందున్నవాళ్లేం కాదు. సెమిస్టర్ ముగిసేసరికి మాత్రం ముందుకొచ్చారు.

అంటే ఇది తెలివికి కొలత కాదు. ఎంత వచ్చు అన్నదానికీ కొలత కాదు. రానిదాంతో మనం ఎలా మసలుకుంటాం అన్నదానికి కొలత. 1980ల చివర్లో క్రిస్టఫర్ ఈలీ అనే పరిశోధకుడు దీనికోసం 12 వాక్యాల ప్రశ్నావళి కూడా తయారు చేశారు. ఇప్పటికీ చాలా దేశాల్లో దాన్నే వాడుతున్నారు.

'కల్' అంటే నిన్నా? రేపా?

మన పిల్లలకి ఈ ఓపిక లేదనుకుంటే పొరపాటు. పుట్టినప్పటి నుంచీ ఉంది, దాన్ని ఇంగ్లీషు దాకా తీసుకురావడం లేదంతే.

ఉర్దూ మాట్లాడే ఇంట్లో 'కల్' అనే మాట తీసుకోండి. నిన్నా కల్లే, రేపూ కల్లే. "మామూ కల్..." అని అమ్మీ మొదలుపెట్టగానే మూడేళ్ల పిల్ల కూడా "ఏ కల్?" అని అడ్డుపడదు. వాక్యం చివరిదాకా ఆగుతుంది. "ఆయే థే" అని వినిపిస్తే నిన్న, "ఆయింగే" అని వినిపిస్తే రేపు. అర్థాన్ని కాసేపు వేలాడదీసి, చివర్లో తేల్చుకోవడం అంటే ఇదే.

ఉర్దూ చదవడం కూడా అంతే. కాయిదాలో జేర్, జబర్, పేష్ అన్నీ వేసి ఉంటాయి. ఉర్దూ అఖ్బార్ తెరిస్తే అవి కనబడవు. అలిఫ్, సీన్ కలిపి రాస్తే 'ఇస్' కావచ్చు, 'ఉస్' కావచ్చు. ఇతనా, అతనా అన్నది చుట్టూ ఉన్న మాటల్ని బట్టి మన నాన్నీలు, దాదాలు తడుముకోకుండా చదివేస్తారు.

ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబాలు, మిగతా తెలుగు ముస్లిం కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. వాళ్లకీ ఇది కొత్త కాదు. 'పాలు' అంటే తాగేవా, పంపకంలో వచ్చే వాటానా? మన ఉత్తరాంధ్ర మాటలో "ఆడు ఆడతన్నాడు" అంటే మొదటి 'ఆడు' ఎవరో, రెండోదాంతో ఏం చెప్తున్నామో ఎవరికీ సందేహం రాదు.

మరి ఇంగ్లీషు దగ్గరే ఎందుకు బిగుసుకుపోతాం? ఒక కారణం మన లిపి. తెలుగులో రాసింది రాసినట్టు పలుకుతాం. ఇంగ్లీషులో ఆ భరోసా లేదు. ఆర్, ఈ, ఏ, డీ అనే నాలుగు అక్షరాల మాట ఈరోజు చదివితే 'రీడ్', నిన్న చదివితే 'రెడ్'. అక్షరం మారదు, పలుకు మారుతుంది. "ఇలా ఎందుకు?" అని అడిగే పిల్లాడికి "అంతే, బట్టీ పట్టు" అనే జవాబు దొరుకుతుంది.

రెండో కారణం భయం. ఉర్దూలో, తెలుగులో తప్పు మాట్లాడితే ఇంట్లో ముద్దుగా సరిదిద్దుతారు. ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే క్లాసులో నవ్వుతారు, మార్కులు పోతాయి, ఉద్యోగం పోతుంది. ఇంత భయంలో ఊహించి ముందుకెళ్లే ధైర్యం ఎవరికుంటుంది?

నా సొంత అనుభవం

నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం. బీకాం ఇంగ్లీషు మీడియంలో చేరాను. అకౌంట్స్ పుస్తకంలో 'ప్రొవిజన్ ఫర్ బ్యాడ్ డెట్స్' అని చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది పూర్ణా మార్కెట్‌లో ప్రొవిజన్స్ షాపు. 'క్యాపిటల్' అంటే రాజధాని అనుకున్నాను. ప్రతి మాటకీ డిక్షనరీ తీసేవాడిని. మూడు పేజీలకి ఒక రాత్రి పట్టేది. పొద్దున్నకి మాటల అర్థాలు గుర్తుండేవి, పాఠం ఏం చెప్పిందో గుర్తుండేది కాదు.

డిగ్రీ అయ్యాక షిప్పింగ్ పనులు చూసే ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకి వెళ్లాను. "వాక్ మీ త్రూ యువర్ ప్రాజెక్ట్" అన్నారు. నాకు 'వాక్' దగ్గరే ఆగిపోయింది. లేచి నడవాలా? ఎక్కడికి? 'యువర్ ప్రాజెక్ట్' అన్న మాటలు స్పష్టంగా వినిపించాయి. ప్రాజెక్ట్ గురించి చెప్పమంటున్నారని ఆ రెండు మాటలే చాలు ఊహించడానికి. లేదంటే "ఇంకోసారి చెప్తారా సార్" అని అడగొచ్చు. రెండూ చేయలేదు. "సారీ సార్" అని తల దించుకున్నాను. ఆ ఉద్యోగం రాలేదు. తప్పు వాళ్లది కాదు. ప్రాజెక్ట్ నేనే చేశాను, అందులో ప్రతి లెక్కా నాకు తెలుసు. తెలియని ఒక్క మాట ముందు తెలిసిందంతా మర్చిపోయాను.

'మీ పిల్లాడి లెర్నింగ్ స్టైల్' టెస్టుకి డబ్బు కట్టాలా?

ఈ మధ్య కొన్నిచోట్ల పిల్లలకి టెస్టు పెట్టి "మీవాడు విజువల్ లెర్నర్, చూస్తేనే ఎక్కుతుంది", "మీ పాప ఆడిటరీ, వింటేనే వస్తుంది" అని రిపోర్టులిస్తున్నారు. తల్లిదండ్రులు అడుగుతున్నారు, ఇది నిజమేనా అని.

ఇష్టాలు వేరుగా ఉంటాయన్నది నిజం. 1987లో జాయ్ రీడ్ అనే పరిశోధకురాలు అమెరికాలో ఇంగ్లీషు నేర్చుకుంటున్న వేర్వేరు దేశాల విద్యార్థుల్ని ఎలా నేర్చుకోవడం ఇష్టమని అడిగారు. చేతులతో చేస్తూ, కదులుతూ నేర్చుకోవడమే ఎక్కువమందికి ఇష్టమని తేలింది. గుంపులో కూర్చుని నేర్చుకోవడం చాలామందికి నచ్చలేదు.

కానీ ఇష్టం వేరు, ఫలితం వేరు. 'విజువల్' పిల్లాడికి బొమ్మలతోనే చెప్తే ఎక్కువ వస్తుందా అన్నది అసలు ప్రశ్న. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని జల్లెడ పట్టారు. స్టైల్‌ని బట్టి పాఠం చెప్తే లాభం ఉందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. భాష విషయంలో ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఎంత 'విజువల్' పిల్లాడైనా మాట వినకుండా పలకడం నేర్చుకోలేడు. ఎంత 'ఆడిటరీ' పిల్ల అయినా స్పెల్లింగ్ కళ్లతో చూడకుండా రాయలేదు.

ఇంకో ప్రమాదం ఉంది. "నువ్వు ఇలాంటివాడివి" అని ఒకసారి ముద్ర వేశాక పిల్లలు దాన్ని సాకు చేసుకుంటారు. "నేను విజువల్, లిజనింగ్ నాకు రాదు" అంటారు. అలాంటి రిపోర్టుకి డబ్బు పెట్టే బదులు రెండు కథల పుస్తకాలు కొనడం మేలు.

అన్నిటికీ ఊహ పనికిరాదు

తెలియకపోయినా ఊహించుకుని వెళ్లిపోవడమే మంచిదా? కాదు. ఓర్పు మరీ ఎక్కువైనా నష్టమే. ఏదీ పట్టించుకోని పిల్లాడు సగం అర్థంతోనే తృప్తి పడి అక్కడే ఉండిపోతాడు. మధ్యస్థంగా ఉండడమే మేలని ఈ రంగంలో పనిచేసినవాళ్లు చెప్తారు.

మన ఊళ్లోనే ఉదాహరణలున్నాయి. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే అబ్బా "ఇవాళ ఇన్ని హీట్లు తీశాం" అంటే అది ఎండ సంగతి కాదు, ఒక విడతలో కరిగించి తీసిన ఉక్కుని హీట్ అంటారు. 'పిగ్ ఐరన్' అన్న మాట విని మన పిల్లలు ముఖం చిట్లిస్తారు. పందికీ దానికీ ఉన్న సంబంధం ఆకారంలోని పోలిక మాత్రమే. పూర్వం కరిగిన ఇనుముని ఇసుకలో తవ్విన కాలువలోకి, దాని పక్కనే వరసగా ఉన్న గుంటల్లోకి పోసేవారు. ఆ ఆకారం తల్లి పంది దగ్గర పాలు తాగే పిల్లల్లా కనబడి ఆ పేరొచ్చింది. ఇలాంటి మాటల్లో ఊహ తప్పినా ఎవరికీ నష్టం లేదు, నవ్వుకుని నేర్చుకుంటాం.

ఇంకో మాట చూడండి. మల్కాపురం వైపు రిఫైనరీకి వెళ్లే ట్యాంకర్ల వెనక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని రాసుంటుంది. ఇన్‌కరెక్ట్ అంటే కరెక్ట్ కానిది, ఇన్‌కంప్లీట్ అంటే పూర్తికానిది. ఆ లెక్కన ఇన్‌ఫ్లేమబుల్ అంటే మంట అంటుకోనిది అని పిల్లాడు ఊహిస్తే? అసలు అర్థం పూర్తిగా తిరగబడి ఉంది. చటుక్కున అంటుకునేది అని. ఇక్కడ ఊహ ప్రాణం మీదికి తెస్తుంది.

కాబట్టి నేర్పాల్సింది రెండు సంగతులు. ఎక్కడ ఊహించి ముందుకెళ్లాలి, ఎక్కడ ఆగి అడగాలి. కథ, వార్త, పాఠం, మాటామంతీ వీటిలో ఊహించొచ్చు. మందుల చీటీ, బ్యాంకు కాగితం, గల్ఫ్ వెళ్లేవాళ్ల అగ్రిమెంట్, ఫ్యాక్టరీలో హెచ్చరిక బోర్డు, పరీక్షలో ప్రశ్న వీటి దగ్గర ఆగి అడగాల్సిందే. ఈ తేడా కూడా మన ఇళ్లకి తెలిసిందే. అఖ్బార్‌లో తెలియని మాటొస్తే ఊహించుకుంటాం. ఆయత్ అర్థం మాత్రం ఎవరూ ఊహించి చెప్పరు, ఆలిమ్‌ని అడుగుతారు.

ఇంట్లో ఏం చేయొచ్చు?

ఫీజు అక్కర్లేని పనులు ఇవి. తల్లిదండ్రులకి ఇంగ్లీషు రాకపోయినా చేయించొచ్చు.

మొదటిది, రోజుకి పది నిమిషాలు డిక్షనరీ, ఫోను లేకుండా చదవడం. తెలియని మాట కింద పెన్సిల్‌తో గీత పెట్టి ముందుకెళ్లిపోవాలి. పేరా అయ్యాక వెనక్కొచ్చి చూడాలి. ఎన్ని గీతలు వాటంతటవే తేలిపోయాయో లెక్కపెట్టాలి. మిగిలినవాటిలో మూడే మూడు డిక్షనరీలో వెతకాలి. ఏ మూడు అన్నది పిల్లాడే ఎంచుకోవాలి. ఏ మాట ముఖ్యమో తెలుసుకోవడం కూడా చదువే.

రెండోది, వినడం. ఐదు నిమిషాలు ఇంగ్లీషు వార్తలు పెట్టండి. "ఏం అర్థం కాలేదు?" అని అడగొద్దు. "ఏం అర్థమైంది?" అని అడగండి. ఒక ఊరి పేరు, ఒక అంకె చెప్పినా షాబాష్ అనండి. రేపు ఇంకోటి చెప్తాడు.

మూడోది, అడగడం నేర్పడం. "కుడ్ యూ సే దట్ అగైన్, ప్లీజ్?" అన్న ఒక్క వాక్యం నాలుక మీద ఉంటే నా ఇంటర్వ్యూ వేరేగా ఉండేది. మళ్లీ అడగడం పరువు తక్కువ కాదని పెద్దలే చెప్పాలి.

నాలుగోది, సర్కారు బడి పిల్లల కోసం. 2019 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం కోసం జీవోలిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. వివాదం సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆ వాదనలు ఎలా ఉన్నా, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే పుస్తకాలు మాత్రం పిల్లల చేతికొచ్చాయి. మంచి సదుపాయమే. కానీ కన్ను సహజంగా తెలుగు వైపే జారుతుంది. అందుకే తెలుగు పేజీ మీద ఒక కాగితం కప్పండి. ముందు ఇంగ్లీషు పేజీ చదివి, ఏం అర్థమైందో తెలుగులోనో ఉర్దూలోనో చెప్పమనండి. ఆ తర్వాత కాగితం తీసి సరిచూసుకోమనండి.

ఐదోది పెద్దలకి. నవ్వొద్దు. తప్పు ఊహకి నవ్వితే పిల్లాడు ఊహించడమే మానేస్తాడు. "అలా ఎందుకనుకున్నావ్?" అని అడగండి. గిన్నె, రైలు బెర్త్ అనుకోవడంలో కూడా ఒక లాజిక్ ఉంది కదా!

ఆ సాయంత్రం మావాడితో ఇదే చేయించాను. పెన్సిల్ ఇచ్చి, ఫోను నా దగ్గర పెట్టుకున్నాను. పాసేజ్ మొత్తం ముగించేసరికి వెసెల్, బెర్త్‌తో కలిపి తొమ్మిది గీతలున్నాయి. వెనక్కొచ్చి చూస్తే నాలుగు మాటలు తర్వాతి వాక్యాల్లోనే తేలిపోయాయి. వెసెల్, బెర్త్ వాళ్ల అబ్బా అప్పటికే చెప్పారు. ఇంకో రెండు కూడా పోర్టు మాటలే, అవీ ఆయనే చెప్పారు. డిక్షనరీలో వెతకాల్సింది ఒక్కటే మిగిలింది. పాసేజ్ మొత్తానికి పట్టింది పావుగంట.